ట్రంకుపెట్టెలో షేరు కాగితాలు

(సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బడిపంతుళ్లను పిలిస్తే పిల్లల చదువుల గురించే మాట్లాడతామని మీరు అనుకుని ఉంటారు. ఈసారి కార్యవర్గం మాకు పాత షేరు సర్టిఫికెట్ల విషయం అప్పగించింది. ఆ కాగితాలకూ మాస్టర్లకూ సంబంధం ఏమిటంటే, ఆదివారాల్లో సొసైటీ ఆఫీసులో స్కాలర్‌షిప్పు దరఖాస్తులు నింపడానికి కూర్చునేది మేమే. పిల్లవాడి ఆదాయ ధ్రువపత్రం కోసం ఇంట్లో పెట్టె వెతుకుతారు. అడుగున, నికాహ్‌నామా పక్కన, బొమ్మల అంచుతో నోటులాగా అచ్చువేసిన దళసరి కాగితం ఒకటి దొరుకుతుంది. "మాస్టారూ, అబ్బా పేరు మీద ఉంది, ఇది చెల్లుతుందా?" అని దాన్నీ పట్టుకొస్తారు. ఒకరిద్దరు అయితే ఆడిటరు దగ్గరికి పంపేవాళ్లం. ఇలా వచ్చేవాళ్లు ఎక్కువవడంతో మేమే కూర్చుని నేర్చుకున్నాం.

ముందు జవాబు చెప్పేస్తాం. చెల్లుతుంది. కంపెనీ బతికి ఉంటే ఆ కాగితంలో రాసిన షేర్లూ బతికే ఉన్నాయి. కానీ ఆ కాగితాన్ని ఇవాళ ఏ బ్రోకరు చేతిలో పెట్టినా అమ్మి పెట్టలేడు. ఈ రెండు మాటల మధ్య ఉన్న దూరమే ఇవాళ్టి విషయం.

పాత పద్ధతి తెలియని చిన్నవాళ్లు ఈ సభలో చాలామంది ఉన్నారు, కాబట్టి కొంచెం వెనక్కి వెళ్లాలి. 1980లలో, 90లలో గుంటూరు, విజయవాడ వంటి ఊళ్లలో షేరు కొనాలంటే సబ్‌బ్రోకరు దగ్గరికి వెళ్లేవారు. ఆయన ఫోనులో హైదరాబాదుకో బొంబాయికో ఆర్డరు చెప్పేవాడు. 1943లో ఏర్పడిన హైదరాబాద్ స్టాక్ ఎక్స్ఛేంజ్ అప్పుడు మనవాళ్లకు పెద్ద ఆధారం. దానికి 2007లో గుర్తింపు పోయింది. బేరం కుదిరాక కాంట్రాక్టు నోటు వచ్చేది. ఆ తరువాత కొన్ని రోజులకో వారాలకో సర్టిఫికెట్టు, దానికి పిన్ను చేసిన ట్రాన్స్‌ఫర్ డీడు వచ్చేవి. డీడు మీద అమ్మినవాడి సంతకం ఉండేది. కొన్నవాడు తన వివరాలు నింపి, సంతకం చేసి, విలువకు తగ్గ షేర్ ట్రాన్స్‌ఫర్ స్టాంపులు అంటించి, రెండూ కలిపి కంపెనీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి. కంపెనీవాళ్లు అమ్మినవాడి సంతకాన్ని తమ దగ్గరున్న పాత సంతకంతో పోల్చి చూసి, సర్టిఫికెట్టు వెనక కొత్తవాడి పేరు రాసి, ముద్ర వేసి తిరిగి పంపేవారు. రెండు మూడు నెలలు పట్టేది. సంతకం తేడా వస్తే "బ్యాడ్ డెలివరీ" అని వెనక్కి వచ్చేది. అప్పుడు బ్రోకర్ల ద్వారా ఆ అమ్మినవాడెవరో వెతుక్కుంటూ పోవాలి. అతను ఏ అహ్మదాబాదులోనో ఉంటాడు.

ఇందులో ఒక సంగతి గట్టిగా గుర్తు పెట్టుకోవాలి. కాగితం చేతికి వచ్చినంత మాత్రాన షేరు మనది కాదు. కంపెనీ రిజిస్టరులో పేరు మారినప్పుడే కంపెనీ లెక్కలో అది మనది. స్టాంపుల ఖర్చు ఎందుకులే, త్వరలో మళ్లీ అమ్మేస్తాం కదా అని డీడును అలాగే ఉంచుకున్నవాళ్లు ఉన్నారు. వాళ్లు ధర చెల్లించారు, డివిడెండు, బోనసు మాత్రం పాత యజమాని చిరునామాకే వెళ్లాయి.

1996లో డిపాజిటరీల చట్టం వచ్చింది. ఆ ఏడాదే ఎన్‌ఎస్‌డీఎల్, 1999లో సీడీఎస్‌ఎల్ మొదలయ్యాయి. బ్యాంకులో డబ్బు లెక్క ఉన్నట్టే డిపాజిటరీలో షేర్ల లెక్క ఉంటుంది, దాన్నే డీమ్యాట్ ఖాతా అంటున్నాం. బ్రోకరో బ్యాంకో మన తరఫున ఆ ఖాతా తెరుస్తుంది. చాలామంది మారారు. మారనివాళ్లు ఎవరంటే, కొని దాచుకున్నవాళ్లు. ఆర్టీసీలో, రైల్వేలో, మార్కెట్ యార్డులో పనిచేసి, కూతురి పెళ్లికి ఉంటాయని పబ్లిక్ ఇష్యూలో వంద షేర్లకు దరఖాస్తు పెట్టినవాళ్లు. వాళ్లకు అమ్మే ఆలోచనే లేదు కనుక డీమ్యాట్ అవసరమూ కనిపించలేదు. వాళ్లను తప్పుపట్టడానికి లేదు.

2019 ఏప్రిల్ 1 నుంచి సెబీ తలుపు మూసింది. ఆ తేదీ తరువాత లిస్టయిన కంపెనీ షేర్లను కాగితం రూపంలో ఒకరి పేరు నుంచి మరొకరి పేరుకు మార్చరు. దీన్ని రెండు రకాలుగా అపార్థం చేసుకుంటున్నారు. కాగితాలు రద్దయిపోయాయని కొందరు చింపేశారు. రద్దు కాలేదు, కాగితంగా ఉంచుకోవడం నేరమూ కాదు. ఎలాగూ అమ్మలేం కాబట్టి ఏమీ చేయలేమని ఇంకొందరు వదిలేశారు. అదీ నిజం కాదు. యజమాని తన పేరు మీదే డీమ్యాట్ చేయించుకోవచ్చు. యజమాని చనిపోతే వారసుల పేరుకు మార్పించుకోవచ్చు. ఈ మార్పును ట్రాన్స్‌మిషన్ అంటారు. ఆగిపోయింది అమ్మకం, కొనుగోలు, కాగితం రూపంలో బహుమతిగా ఇవ్వడం.

మరి ట్రాన్స్‌ఫర్ డీడు నింపకుండా దాచుకున్నవాళ్ల సంగతి? అది కష్టమైన కేసు. 2019 ఏప్రిల్‌కు ముందే కంపెనీకి పంపి, ఏదో లోపం వల్ల తిరిగి వచ్చిన డీడుల కోసం సెబీ 2025 జూలై 7 నుంచి 2026 జనవరి 6 వరకు ప్రత్యేక గడువు ఇచ్చింది. అలాంటి కాగితం ఎవరి దగ్గరైనా ఉంటే, ఇప్పుడు ఏ అవకాశం ఉందో కంపెనీ రిజిస్ట్రారుకు ఉత్తరం రాసి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. ఫోనులో చెప్పిన మాట రేపు సాక్ష్యానికి రాదు.

ఇక మన ఇళ్లలో పని ఎక్కడ ఆగిపోతోందో చెప్పాలి. డబ్బు దగ్గర కాదు, చట్టం దగ్గర కాదు. పేరు దగ్గర.

సర్టిఫికెట్టు మీద ఎస్‌కె అని రెండక్షరాలు ఉంటాయి, ఆధార్‌లో షేక్ అని పూర్తిగా ఉంటుంది. ఒకచోట ఎండి, ఒకచోట మహమ్మద్, ఇంకోచోట మొహమ్మద్, పాన్ కార్డులో మహమ్మదు. ఇంగ్లీషులో రాసేసరికి ఒక్కో గుమాస్తా ఒక్కో స్పెల్లింగు. ఆడవాళ్ల పేర్లు మరీను. పెళ్లికి ముందు బీ, పెళ్లయ్యాక బేగం, రేషన్ కార్డులో రెండూ లేవు. మనం వీధిలో అందరినీ గుర్తుపడతాం కాబట్టి ఇది మనకు విషయంగా తోచదు. రిజిస్ట్రారు ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చున్న పిల్లవాడికి మాత్రం వాళ్లు ఇద్దరు వేరు మనుషులు. అతనిదీ తప్పు కాదు, ఒకరి షేర్లు ఇంకొకరికి పోకుండా చూడటమే అతని ఉద్యోగం.

సంతకం రెండో చిక్కు. 1985లో మన పెద్దలు చాలామంది ఉర్దూలో సంతకం చేశారు. ఇప్పుడు బ్యాంకులో ఇంగ్లీషులో చేస్తున్నారు, లేదా చెయ్యి వణికి వేలిముద్ర వేస్తున్నారు. కంపెనీ దగ్గర మాత్రం ఆ పాత ఉర్దూ సంతకమే ఉంది.

రెండింటికీ దారి ఉంది. ఐఎస్‌ఆర్-1 అనే ఫారంలో పాన్, చిరునామా, ఫోను, బ్యాంకు ఖాతా వివరాలు ఇవ్వాలి. ఐఎస్‌ఆర్-2 ఫారం మీద మీ బ్యాంకువాళ్లు మీ ఇప్పటి సంతకాన్ని ధ్రువీకరించాలి. నామినీ కోసం ఎస్‌హెచ్-13. పేరులో చిన్న తేడా ఉంటే పాస్‌పోర్టు, వివాహ ధ్రువపత్రం వంటి ఒక ఆధారం జతచేయాలి. తేడా పెద్దదైతే అఫిడవిట్టో, గెజిట్ ప్రకటనో అడుగుతారు. ఫారాలన్నీ రిజిస్ట్రార్ల వెబ్‌సైట్లలో ఉచితంగా దొరుకుతాయి. సర్టిఫికెట్టు మీదున్న ఫోలియో నంబరు ప్రతి ఉత్తరంలో రాయండి. వాళ్లకు మన పేరు కన్నా ఆ నంబరే ముఖ్యం. మన దగ్గర పదో తరగతి పాసైన పిల్లలు ఈ ఫారాలు చక్కగా నింపుతున్నారు, మేం పక్కన కూర్చుని చూస్తే చాలు.

ఈ వివరాలు ఇవ్వని కాగితపు ఫోలియోలకు 2024 ఏప్రిల్ 1 నుంచి డివిడెండు చెల్లించడం ఆపారు. డబ్బు పోదు, వివరాలు ఇచ్చాక బ్యాంకు ఖాతాలోకి వస్తుంది. పూర్వంలా వారెంటు కాగితం పోస్టులో వస్తుందని ఎదురుచూస్తే మాత్రం రాదు.

డివిడెండు గురించి ఇంత చెప్పడానికి కారణం ఉంది. ఏడేళ్లు వరుసగా ఎవరూ డివిడెండు తీసుకోకపోతే, 2013 కంపెనీల చట్టం ప్రకారం ఆ డబ్బే కాదు, ఆ షేర్లు కూడా కేంద్ర ప్రభుత్వ నిధికి వెళ్తాయి. దాని పేరు ఐఈపీఎఫ్, మదుపరుల విద్యా రక్షణ నిధి. ఈ ఏడేళ్లలో ఒక్క ఏడాది డివిడెండు తీసుకున్నా షేర్లు కదలవు. మన దగ్గరికి వచ్చిన ఒక కుటుంబంలో ఇదే జరిగింది. తండ్రి పోయాక ఇల్లు మారారు, కంపెనీ పంపిన నోటీసులు పాత వీధికి వెళ్లి తిరిగిపోయాయి. సర్టిఫికెట్టు భద్రంగా బీరువాలో ఉంది. షేర్లు మాత్రం ఢిల్లీలో ఉన్నాయి! ఆ తల్లి "కాగితం నా దగ్గరే ఉంది కదా నాయనా, ఎలా పోతాయి?" అని అడిగింది. న్యాయమైన ప్రశ్నే. పోలేదమ్మా, అడిగి తెచ్చుకోవాలి అని చెప్పాం.

అడగడానికి ఆఖరి తేదీ లేదు. ముందు కంపెనీ నుంచి హక్కు పత్రం తీసుకోవాలి. వారసులైతే మరణ ధ్రువపత్రం, వారసత్వ కాగితాలు అక్కడే చూపాలి. తరువాత ఐఈపీఎఫ్-5 అనే ఫారం ఆన్‌లైన్‌లో నింపి, కాగితాల ప్రతులను కంపెనీ నోడల్ అధికారికి పంపాలి. కంపెనీ సరిచూసి నివేదిక ఇచ్చాక షేర్లు డీమ్యాట్ ఖాతాకు, డివిడెండు బ్యాంకు ఖాతాకు వస్తాయి. ఆలస్యం అవుతుంది, ఓపిక కావాలి. కానీ ఆ ఫారానికి ప్రభుత్వం రుసుము తీసుకోదు. ఇది గట్టిగా ఎందుకు చెబుతున్నామంటే, ఆ తల్లి దగ్గరికి మాకన్నా ముందే ఒక మధ్యవర్తి వచ్చాడు. వచ్చినదాంట్లో మూడో వంతు తనకు రాసివ్వమన్నాడు. ఒరిజినల్ సర్టిఫికెట్లూ ఖాళీ కాగితాల మీద సంతకాలూ అడిగాడు. చట్టం చదువుకున్న లాయరుకు, ఆడిటరుకు చేసిన పనికి ఫీజు ఇవ్వడం ధర్మమే. ఒక విధవరాలి ఆస్తిలో మూడో వంతు ఒక ఫారం నింపినందుకు అడగడం ఏమిటో మాకైతే అర్థం కాలేదు. కంపెనీ జవాబు ఇవ్వకపోతే సెబీ వారి స్కోర్స్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు. దానికీ రూపాయి ఖర్చు లేదు.

సర్టిఫికెట్టు మీద కంపెనీ పేరు చూసి, ఇది ఎప్పుడో మూతపడింది అనుకోవద్దు. టెల్కో అని ఉంటే అది తరువాత టాటా మోటార్స్ అయింది. మన హైదరాబాదు వజీర్ సుల్తాన్ టొబాకో ఇవాళ వీఎస్‌టీ ఇండస్ట్రీస్. (పొగాకు షేరు ఉంచుకోవాలా అమ్మేయాలా అన్నది ఆ ఇంటివాళ్లు తేల్చుకోవాల్సిన మాట.) ముఖ విలువ పది రూపాయల షేరును కంపెనీ రెండు రూపాయలుగానో ఒక రూపాయిగానో విడగొట్టి ఉంటే, పాత కాగితంలోని వంద ఇప్పుడు అయిదు వందలో వెయ్యో అయి ఉంటుంది. బోనసు వేరే. పాత రిలయన్స్ షేర్లున్నవాళ్లకు 2006లో విభజన వల్ల మరో నాలుగు కంపెనీల షేర్లు వచ్చాయి. వాటిలో తరువాత కుప్పకూలినవీ ఉన్నాయి. అంటే ఆశ ఎక్కువ పెట్టుకోవద్దు, చూడకుండా పారేయనూ వద్దు. కొన్ని కంపెనీలు నిజంగానే పోయాయి. ఆ కాగితాన్ని పటం కట్టించుకోవచ్చు.

యజమాని బతికి ఉండగా డీమ్యాట్ చేయించడం సులువు. ఖాతా తెరిచిన చోట డీమ్యాట్ అభ్యర్థన ఫారం నింపి, సర్టిఫికెట్టు మీద డీమ్యాట్ కోసం అప్పగించినట్టు రాయించి ఇస్తే, వాళ్లు రిజిస్ట్రారుకు పంపుతారు. సర్టిఫికెట్టులో ఇద్దరి పేర్లుంటే ఖాతాలోనూ అదే ఇద్దరి పేర్లు ఉండాలి. ఖాతా ఖర్చు ఎక్కువని భయపడేవాళ్లకు ఒక మాట. ఒక్క డీమ్యాట్ ఖాతాయే ఉన్న చిన్న మదుపరులు బేసిక్ సర్వీస్ ఖాతా అడగవచ్చు. నాలుగు లక్షల విలువ వరకు దానికి వార్షిక రుసుము లేదు. యజమాని పోయాక ఇదే పనికి వారసులందరి సంతకాలు, అఫిడవిట్లు, నష్టపూచీ బాండు, విలువ ఎక్కువైతే కోర్టు కాగితాలు. అంతా అయ్యాక రిజిస్ట్రారు కొత్త సర్టిఫికెట్టు ఇవ్వడు. ధ్రువీకరణ లేఖ వచ్చి ఉంటే దాన్ని 120 రోజుల లోపు డీమ్యాట్ ఖాతావాళ్లకు ఇవ్వాలి. లేఖ వచ్చింది కదా అని మళ్లీ పెట్టెలో పెట్టకండి.

నామినీ గురించి మన ఇళ్లలో గొడవలు మేం చూశాం. పెద్దకొడుకును నామినీగా రాస్తే షేర్లన్నీ అతనివే అనుకుంటున్నారు. 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు శక్తి యజ్దానీ కేసులో స్పష్టంగా చెప్పింది, నామినీ సంపూర్ణ యజమాని కాడు, ఆస్తి వారసత్వ చట్టం ప్రకారమే వెళ్తుంది అని. కంపెనీ నామినీ పేరు మీద మారుస్తుంది, అంతవరకే. తల్లికి, భార్యకు, కూతురికి షరియత్‌లో నిర్ణయమైన భాగాలు ఆ షేర్లలోనూ ఉన్నాయి. ఇంటిస్థలం పంచేటప్పుడు చెల్లెళ్లను పిలిచే అన్నలు కూడా షేర్ల దగ్గర మరచిపోతున్నారు, కనపడని ఆస్తి కదా. ఎంత భాగమో ఆలిమ్‌ను అడిగి, రాసి, సంతకాలు చేసుకోండి.

డీమ్యాట్ అయితే ఇక నిద్రపోవచ్చా అంటే, అదీ కాదు. 2019 నవంబరులో సెబీ హైదరాబాదుకే చెందిన కార్వీ స్టాక్ బ్రోకింగ్ మీద ఉత్తర్వు ఇచ్చింది. ఖాతాదారులు ఇచ్చిన పవర్ ఆఫ్ అటార్నీ ఆధారంగా వాళ్ల షేర్లను తాకట్టు పెట్టిన వ్యవహారం అది. కాగితానికి చెదలు పట్టినట్టు ఖాతాకూ పట్టవచ్చు. డిపాజిటరీ నుంచి వచ్చే లెక్కను చూసుకోండి. ఫోను నంబరు మీదే ఉండాలి, బ్రోకరు గుమాస్తాది కాకూడదు. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దు.

దాతలు ఎక్కువగా ఉన్న సభ కనుక ఇంకో విషయం. కొందరు పెద్దలు ఆ కాగితాలను అలాగే సొసైటీకి ఇచ్చేస్తామన్నారు. వారి మనసుకు కృతజ్ఞతలు. కానీ కాగితంగా ఇస్తే సొసైటీ పేరుకు మారదు. డీమ్యాట్ చేశాక ఇచ్చినా, ఆదాయపు పన్నులో మినహాయింపు డబ్బు రూపంలో ఇచ్చిన విరాళానికే గాని షేర్లకు లేదు. ధర్మసంస్థలు అలా వచ్చిన షేర్లను చాలాకాలం అట్టిపెట్టుకోవడానికీ పన్ను చట్టం ఒప్పుకోదు. కాబట్టి మీ పేరు మీదే డీమ్యాట్ చేయించి, అమ్మి, మీ భార్యాపిల్లల అవసరాలు చూసుకుని, ఇవ్వదలచింది చెక్కుగా ఇవ్వండి. తదనంతరం ఇవ్వాలని వసియ్యత్ రాసేవాళ్లు మూడో వంతు హద్దును దాటవద్దు. వారసుల భాగం తగ్గించి ఇచ్చిన సొమ్ముతో మన పిల్లలు చదవాలని ఈ సొసైటీలో ఎవరమూ కోరుకోవడం లేదు.

ఆదివారాలు ఉదయం పది నుంచి జొహర్ నమాజు దాకా మేం ఆఫీసులో ఉంటాం. వచ్చేవాళ్లు సర్టిఫికెట్టు రెండు వైపులా తీసిన జిరాక్సు, ఆధార్, పాన్, బ్యాంకు పాసుబుక్కు తీసుకురండి. ఇంట్లో పెద్దావిడ ఉంటే ఆమెనూ ఆటోలో తీసుకురండి, సంతకం ఆమెదే కావాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఇంట్లోనే ఉంచి రండి. మాకు కూడా ఇవ్వవద్దు.